కంపెనీకి పదేళ్లు... విధానానికి నాలుగేళ్లు

అమెరికా వలస విధానం మారినప్పుడల్లా ఉద్యోగుల గురించి విస్తృతంగా చర్చ జరుగుతుంది. సొంత సంస్థ పెట్టి మరికొందరికి పని కల్పించాలనుకునే విదేశీ వ్యవస్థాపకుల గోడు ఆ చర్చలో మరుగున పడిపోతుంది. వారిని ఎక్కువగా దెబ్బతీస్తున్నది నిబంధనల కాఠిన్యం కన్నా వాటి నిలకడలేమి.

2017 నవంబరు 28న హైదరాబాదులోని హెచ్ఐసీసీ వేదిక మీదికి ‘మిత్ర’ అనే తెల్లని మరమనిషి మెల్లగా కదిలి రాగా, ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, అమెరికా అధ్యక్షుడి సలహాదారు హోదాలో వచ్చిన ఇవాంకా ట్రంప్ దాని ఛాతీపై ఉన్న తెరను తాకి ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సును ప్రారంభించారు. దాదాపు 150 దేశాల నుంచి వచ్చిన 1,500 మంది ప్రతినిధులతో, అందులోనూ సగానికి పైగా మహిళలతో సభామందిరం కిక్కిరిసిపోయింది. ఆ రాత్రి ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఇచ్చిన విందు గురించి నగరం చాలా రోజులు చెప్పుకుంది.

వ్యవస్థాపకులను ఇంత ఘనంగా సన్మానించిన ఆ సదస్సుకు భారత్‌తో కలిసి ఆతిథ్యమిచ్చిన అమెరికా ప్రభుత్వమే, అంతకు నాలుగు నెలల ముందు, విదేశీ వ్యవస్థాపకులు తమ గడ్డ మీద సంస్థలు నడుపుకొనేందుకు వీలు కల్పించే ఒక నిబంధనను, అది మరో ఆరు రోజుల్లో అమల్లోకి రానుండగా వాయిదా వేసింది. సదస్సు ముగిసిన మర్నాడే, అంటే డిసెంబరు 1న, వాషింగ్టన్‌లోని ఫెడరల్ జిల్లా న్యాయస్థానం ఆ వాయిదా చెల్లదని తీర్పు చెప్పింది. వేదిక మీద ఆహ్వానం, కార్యాలయంలో అడ్డంకి, న్యాయస్థానంలో ఊరట: విదేశీ వ్యవస్థాపకుడి విషయంలో అమెరికా ఏళ్ల తరబడి అనుసరిస్తున్న తీరు ఆ కొన్ని నెలల్లోనే బయటపడింది.

ఒకే నిబంధన, నాలుగు మలుపులు

‘అంతర్జాతీయ వ్యవస్థాపకుల నిబంధన’గా పేరుపడిన ఆ ఏర్పాటును బరాక్ ఒబామా ప్రభుత్వం 2017 జనవరి 17న, పదవీకాలం ముగియడానికి మూడు రోజుల ముందు, అధికారికంగా ప్రచురించింది. సొమ్ము తెచ్చే విదేశీ పెట్టుబడిదారుడికీ, నైపుణ్యమున్న ఉద్యోగికీ అమెరికా చట్టంలో వేర్వేరు వీసాలు ఉన్నాయి గానీ, ఒక ఆలోచనతో వచ్చి ఇతరుల పెట్టుబడితో సంస్థను నిర్మించే వ్యక్తికంటూ ప్రత్యేకించి వీసా ఏదీ లేదు. ఆ లోటు పూడ్చేందుకు అధికారులు చట్టంలో అప్పటికే ఉన్న ‘పెరోల్’ అధికారాన్ని ఆశ్రయించారు. ఖైదీలకు దొరికే పెరోల్‌తో దీనికి సంబంధం లేదు. అత్యవసర మానవతా కారణాల మీదనో, దేశానికి చెప్పుకోదగ్గ ప్రయోజనం ఉందన్న కారణం మీదనో ఒక విదేశీయుడిని వీసా లేకుండా తాత్కాలికంగా దేశంలోకి రానివ్వడాన్ని వలస చట్టంలో పెరోల్ అంటారు.

నిబంధన 2017 జులై 17న అమల్లోకి రావలసి ఉండగా, కొత్తగా వచ్చిన డొనాల్డ్ ట్రంప్ ప్రభుత్వం దానిని 2018 మార్చికి వాయిదా వేయడం మొదటి మలుపు. వెంచర్ పెట్టుబడి సంస్థల జాతీయ సంఘం తదితరులు దావా వేయగా, ప్రజాభిప్రాయం కోరకుండా వాయిదా వేయడం చట్టవిరుద్ధమని న్యాయమూర్తి జేమ్స్ బోస్‌బర్గ్ తేల్చడం రెండవది. పెరోల్ అధికారాన్ని ఇంత విస్తృతంగా వాడడం చట్టం ఉద్దేశం కాదంటూ 2018 మేలో నిబంధనను రద్దు చేయాలని ప్రభుత్వం ప్రతిపాదించడం మూడవది కాగా, 2021 మేలో జో బైడెన్ ప్రభుత్వం ఆ రద్దు ప్రతిపాదనను ఉపసంహరించుకోవడం నాలుగవది. ఈ నాలుగేళ్లలో నిబంధనలోని షరతులు మారకపోయినా, దానిని నమ్ముకొని ఎవరైనా ఇల్లు ఖాళీ చేసి విమానం ఎక్కగల పరిస్థితి మాత్రం ఏర్పడలేదు. ఏడాదికి 2,940 మంది వ్యవస్థాపకులు అర్హులు కావచ్చని హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ తొలుత అంచనా వేసినా, వచ్చిన దరఖాస్తులు ఆ అంచనా దరిదాపులకు చేరలేదు.

【బాక్స్】 నిబంధన ఏం చెబుతుంది?

- సంస్థ ఏర్పడి అయిదేళ్లు దాటకూడదు. దరఖాస్తుదారుకు కనీసం 10 శాతం వాటా, సంస్థ నిర్వహణలో కీలక పాత్ర ఉండాలి. ఒక సంస్థ నుంచి గరిష్ఠంగా ముగ్గురికి అవకాశం.
- అర్హులైన అమెరికా పెట్టుబడిదారుల నుంచి తొలుత 2,50,000 డాలర్లు రావాలన్నారు. మూడేళ్లకోసారి సవరించే ఈ మొత్తం 2024 అక్టోబరు నుంచి 3,11,071 డాలర్లు.
- ప్రభుత్వ గ్రాంట్ల రూపంలోనైతే 1,24,429 డాలర్లు చాలు.
- తొలి అనుమతి రెండున్నరేళ్లు. ఉద్యోగాలు, ఆదాయం, పెట్టుబడుల్లో ఎదుగుదల చూపితే మరో రెండున్నరేళ్లు.
- జీవిత భాగస్వామి పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ అనుమతి దానంతట అది గ్రీన్‌కార్డుకు దారితీయదు.

ఈ షరతుల్లో తెలుగు కుటుంబాలకు వెంటనే తగిలేది పెట్టుబడి ఎవరిదన్న ప్రశ్న. పొలం అమ్మో, ప్లాటు తాకట్టు పెట్టో తల్లిదండ్రులు సర్దిన సొమ్మును, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పోగేసి ఇచ్చిన మొత్తాన్ని ఈ నిబంధన లెక్కలోకి తీసుకోదు. హైదరాబాదులో స్థిరపడిన ఏంజెల్ ఇన్వెస్టరు, అంటే తొలిదశ సంస్థలో సొంత డబ్బు పెట్టే మదుపరి, అమెరికా పౌరుడో శాశ్వత నివాసో కాకపోతే ఆయన ఇచ్చినదీ చెల్లదు. ఇచ్చినవారు గత అయిదేళ్లలో ఇతర అంకుర సంస్థల్లో కనీసం 7,46,571 డాలర్లు (తొలుత 6,00,000) పెట్టి ఉండాలి. ఆ సంస్థల్లో కనీసం రెండు చెప్పుకోదగ్గ ఉద్యోగాలో ఆదాయమో సాధించి ఉండాలి. అమెరికాలో అడుగుపెట్టకముందే అక్కడి అనుభవజ్ఞులైన మదుపరులను మెప్పించినవారికే ఈ దారి తెరుచుకుంటుంది.

చట్టం కాలేకపోయిన ఆలోచన

ప్రభుత్వం మారగానే నిబంధన ఊగిసలాడడానికి మూలకారణం అది చట్టసభ చేసిన చట్టం కాకపోవడమే. స్టార్టప్ వీసా చట్టం కోసం సెనేటర్లు జాన్ కెర్రీ, రిచర్డ్ లూగర్ 2010లోనే బిల్లు తెచ్చారు. రెండు పార్టీల మద్దతుతో 2013 జూన్‌లో సెనేట్ 68–32 ఓట్లతో ఆమోదించిన సమగ్ర వలస సంస్కరణల బిల్లులో వ్యవస్థాపకుల వీసా ఉన్నా, ప్రతినిధుల సభ దానిని చర్చకే తీసుకోలేదు. 2022 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ ఆమోదించిన మరో బిల్లులోనూ అటువంటి వీసా చోటు చేసుకుంది గానీ, ఆ ఏడాది ఆగస్టులో ‘చిప్స్’ చట్టంగా తుదిరూపం దాల్చేసరికి ఆ భాగం కనిపించలేదు. సరిహద్దు భద్రత, అనుమతి లేని వలస, ఉద్యోగాల పోటీ వంటి వివాదాలన్నీ ఒకే మూటగా చర్చకు వస్తుండడంతో, పెద్దగా వ్యతిరేకత లేని వ్యవస్థాపకుల వీసా కూడా వాటితో పాటే మునిగిపోతోంది.

చట్టం రానప్పుడు మిగిలేది పాలనా ఉత్తర్వు. అదీ తరచుగా దిగిపోయే ప్రభుత్వం చేతుల మీదుగా వస్తోంది. ఒబామా హయాంలోని నిబంధన ప్రచురితమైనది 2017 జనవరి 17న కాగా, సొంత సంస్థలో మెజారిటీ వాటా ఉన్న వ్యవస్థాపకుడు ఆ సంస్థ తరఫునే, నైపుణ్య ఉద్యోగులకిచ్చే హెచ్1బీ వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చని స్పష్టం చేసిన బైడెన్ హయాంలోని నిబంధన అమల్లోకి వచ్చినది 2025 జనవరి 17న. రెండింటికీ జన్మనిచ్చిన ప్రభుత్వం మూడు రోజుల్లో వెళ్లిపోయింది. వాటిని అమలు చేసే బాధ్యత వాటి మీద మమకారం లేనివారి చేతికి వెళ్లింది.

వాటా ఉండవచ్చు... పని చేయకూడదు

ఇతర మార్గాలు తెరిచే ఉన్నాయని అనిపించినా, వాటిలో నడవబోయిన వారికే ఇరుకు తెలుస్తుంది. హెచ్1బీ వీసా మీద ఉన్న ఇంజినీరు ఒక కంపెనీలో వాటాలు కొనుక్కోవచ్చు, యజమానిగా కాగితాల మీద పేరు రాసుకోవచ్చు. ఆ కంపెనీ కోసం కోడు రాయడం, ఖాతాదారుతో బేరసారాలు జరపడం, ఉద్యోగులను పురమాయించడం మాత్రం చేయకూడదు. వీసా ఇప్పించిన యజమాని దగ్గర తప్ప మరొక చోట పనిచేయడానికి ప్రత్యేక అనుమతి కావాలి. ఉన్న ఉద్యోగం వదిలితే సాధారణంగా మిగిలే గడువు 60 రోజులు.

చదువు ముగించిన విద్యార్థి పరిస్థితి మరో రకంగా ఉంటుంది. డిగ్రీ తర్వాత ఏడాది పాటు పని అనుభవం కోసం ఇచ్చే ఓపీటీ అనుమతి మీద సొంత సంస్థ పెట్టుకోవచ్చు. సాంకేతిక విద్యార్థులకు లభించే మరో 24 నెలల పొడిగింపు దగ్గరికి వచ్చేసరికి, శిక్షణ ప్రణాళిక పత్రం మీద యజమాని తరఫున వేరొకరు సంతకం చేసి, విద్యార్థి పనిని పర్యవేక్షించి మదింపు చేయాలి. తన సంస్థకు తానే అధిపతి అయిన విద్యార్థి తన శిక్షణను తానే పర్యవేక్షిస్తున్నట్టు సంతకం పెట్టడానికి నిబంధన ఒప్పుకోదు. 2023–24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారని, వారిలో తెలుగువారి వాటా గణనీయమని గుర్తుచేసుకుంటే, ఆ ఒక్క సంతకం గడి ఎన్ని ఆలోచనలను ఉద్యోగం వైపు మళ్లిస్తుందో ఊహించవచ్చు.

ఈ ఇరుకుకు బహిరంగ చరిత్రలోనే సాక్ష్యాలున్నాయి. ఐఐటీ దిల్లీలో చదివి అమెరికా వెళ్లిన జ్యోతి బన్సల్, సొంత సంస్థ పెట్టాలన్న కోరిక ఉన్నా, గ్రీన్‌కార్డు ప్రక్రియలో పని అనుమతి చేతికి వచ్చేదాకా ఏడేళ్లు ఇతరుల దగ్గర ఉద్యోగం చేయవలసి వచ్చింది. ఆ తర్వాత 2008లో ఆయన స్థాపించిన యాప్‌డైనమిక్స్‌ను 2017లో సిస్కో 370 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. వార్టన్‌లో చదువుకున్న కునాల్ బహల్ వీసా సమస్యతో 2007లో స్వదేశానికి తిరిగివచ్చి, మిత్రుడితో కలిసి స్నాప్‌డీల్‌ను నిర్మించారు. మొదటివారి విషయంలో అమెరికా ఏడేళ్లు నష్టపోతే, రెండవవారి విషయంలో సంస్థనే నష్టపోయింది.

ఇప్పటి పరిస్థితి అంతకన్నా జటిలంగా ఉంది. ఉపాధి ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశంవారికీ సాధారణంగా 7 శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి వల్ల, భారతీయులు ఎక్కువగా ఉండే రెండవ, మూడవ తరగతుల్లో 2025 నాటికి కూడా 2013 ప్రాంతపు దరఖాస్తులే పరిష్కారానికి వస్తున్నాయి. ఆ నిరీక్షణలో పిల్లలకు 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల మీద ఆధారపడిన హోదా పోతుంది. కనుక సంస్థ పెట్టాలా వద్దా అన్న నిర్ణయం ఇంట్లో వాళ్లందరి భవిష్యత్తుతో ముడిపడి, చాలాసార్లు వాయిదా పడుతుంది.

బతుకమ్మ నాటి పరుగులు

2025 సెప్టెంబరు 19న వెలువడిన అధ్యక్ష ప్రకటన కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద 1,00,000 డాలర్ల రుసుము విధించింది. అది అమల్లోకి వచ్చిన సెప్టెంబరు 21నే తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ. దసరా సెలవులకు ఇంటికి వచ్చినవారు, రాబోతున్నవారు రాత్రికి రాత్రి ప్రయాణాలు మార్చుకోవలసి వచ్చింది. కొన్ని పెద్ద సంస్థలు విదేశాల్లోని తమ ఉద్యోగులను వెంటనే వెనక్కి రమ్మని సందేశాలు పంపగా, ఎక్కిన విమానం దిగిపోయినవారూ ఉన్నారు. రుసుము కొత్త దరఖాస్తులకే గాని ఇప్పటికే వీసా ఉన్నవారికి వర్తించదన్న వివరణ ప్రకటన వెలువడిన మర్నాడే వచ్చినా, అప్పటికే టికెట్ల మీద వేలు, లక్షలు ఖర్చయిపోయాయి.

ఉద్యోగుల ఆందోళనకు లభించిన ప్రచారం అంకుర సంస్థల లెక్కకు లభించలేదు. అంతర్జాతీయ వ్యవస్థాపకుల నిబంధన కోరే కనీస పెట్టుబడి 3,11,071 డాలర్లు అయితే, విదేశం నుంచి ఒక్క నిపుణుడిని రప్పించే రుసుమే దానిలో దాదాపు మూడో వంతు. లక్షలాది ఉద్యోగులున్న సంస్థ ఆ భారాన్ని పంచుకోగలదు. అయిదుగురితో నడిచే సంస్థ ఆ డబ్బుతో ఏడాది గడపవలసి ఉంటుంది. దీనికి తోడు, హెచ్1బీలు కేటాయించే లాటరీలో అధిక వేతన స్థాయి ఉన్నవారికి ఎక్కువ అవకాశం ఇచ్చే నిబంధనను అదే నెలలో ప్రతిపాదించి డిసెంబరులో ఖరారు చేశారు. తక్కువ జీతం, ఎక్కువ వాటాలతో మనుషులను కూడగట్టుకొనే కొత్త సంస్థలు సహజంగానే ఆ వరుసలో వెనుకబడతాయి.

కౌలు చేలో బోరు

సంస్థ ఎదిగే కాలానికీ, విధానం నిలిచే కాలానికీ పొంతన లేకపోవడమే ఈ సమస్యకు కేంద్రం. వెంచర్ పెట్టుబడి నిధిని సాధారణంగా పదేళ్ల కాలానికి ఏర్పాటు చేస్తారు. యాప్‌డైనమిక్స్ పుట్టుక నుంచి అమ్మకం దాకా దాదాపు తొమ్మిదేళ్లు పట్టగా, ఆ వ్యవధిలో వైట్‌హౌస్‌లో జార్జ్ బుష్, ఒబామా, ట్రంప్ ముగ్గురూ కూర్చున్నారు. వ్యవస్థాపకుల పెరోల్‌కు తొలి గడువు రెండున్నరేళ్లు, పొడిగింపుతో అయిదేళ్లు. సొంత సంస్థ యజమానికి దొరికే హెచ్1బీ తొలి గడువు 18 నెలలు. ఏడాది కౌలుకు తీసుకున్న చేలో ఎవరూ బోరు వేయించనట్టే, రెండేళ్ల తర్వాత వ్యవస్థాపకుడు దేశంలో ఉంటాడో లేదో తెలియని సంస్థలో మదుపరులు పెద్ద మొత్తాలు పెట్టరు.

పెరోల్ ఎంత బలహీనమైన ఆధారమో 2025లో మరింత స్పష్టమైంది. క్యూబా, హైతీ, నికరాగ్వా, వెనిజువెలా దేశాలకు చెందిన దాదాపు 5.3 లక్షల మందికి ఇచ్చిన మానవతా పెరోల్‌ను ప్రభుత్వం గడువుకు ముందే రద్దు చేయగా, వ్యాజ్యం నడుస్తుండగానే ఆ రద్దు అమలుకు సుప్రీంకోర్టు మే నెలలో వీలు కల్పించింది. వ్యవస్థాపకుల నిబంధన దానికన్నా భిన్నమైనదే అయినా, రెండూ నిలబడింది చట్టంలోని ఒకే సెక్షన్ మీద.

ప్రభుత్వాల వాదనలోనూ పస ఉంది

విధానాలు మార్చేవారందరినీ దూరదృష్టి లేనివారిగా చిత్రించడం న్యాయం కాదు. వ్యవస్థాపకుల వీసా ఇచ్చే కొన్ని దేశాల్లో కాగితాల మీద కంపెనీ పెట్టి, శాశ్వత నివాసం సంపాదించుకొని, ఆ కంపెనీని గాలికి వదిలేసే ధోరణి తలెత్తింది. ఒక ఆలోచన మంచిదా కాదా అని తేల్చడం వలస అధికారి పని కాదు గనుక, ఆ బాధ్యతను మదుపరులకో, ఇంక్యుబేటర్లకో, అంటే కొత్త సంస్థలకు చోటూ సలహా ఇచ్చి పెంచే కేంద్రాలకో, అప్పగించారు. అలా అప్పగించిన చోట సిఫారసు పత్రాలే సరుకుగా మారే ప్రమాదం వచ్చింది. స్థానిక యువత ఉపాధి, ఇళ్ల అద్దెలు, ప్రజాసేవల మీద ఒత్తిడి వంటి కారణాలతో ఓటర్లు ఆగ్రహించినప్పుడు, వ్యవస్థాపకులకూ ఇతర వలసదారులకూ మధ్య తేడా చూపించే ఓపిక ఏ పార్టీకీ ఉండడం లేదు.

కెనడా అనుభవం ఇందుకు ఉదాహరణ. 2013 మేలో ఆ దేశపు వలస వ్యవహారాల మంత్రి జేసన్ కెనీ సిలికాన్ వ్యాలీకి వెళ్లగా, హెచ్1బీతో ఇబ్బంది పడుతున్నవారు తమ దేశానికి మళ్లవచ్చంటూ 101వ నంబరు రహదారి పక్కన భారీ హోర్డింగ్ వెలిసింది. ఆ దేశం అదే ఏడాది తెచ్చిన స్టార్టప్ వీసాకు దరఖాస్తులు వెల్లువెత్తి నిరీక్షణ ఏళ్లకు చేరడంతో, 2024లో ఒక్కో గుర్తింపు సంస్థ ఏడాదికి పది బృందాలకు మించి సిఫారసు చేయరాదని పరిమితి పెట్టి, 2025 చివరికి ఆ పథకానికే తలుపులు మూశారు.

【బాక్స్】 దేశదేశాల తలుపులు

- కెనడా: 2013లో స్టార్టప్ వీసా. వెంచర్ నిధి నుంచి 2,00,000, లేదా ఏంజెల్ మదుపరుల నుంచి 75,000 కెనడా డాలర్లు, లేదా ఇంక్యుబేటర్ మద్దతు ఉంటే 2025 చివరిదాకా నేరుగా శాశ్వత నివాసం ఇచ్చేవారు.
- బ్రిటన్: 2008లో ‘టైర్ 1’ వీసా, సాధారణంగా 2,00,000 పౌండ్ల షరతు. 2019లో దాని స్థానంలో ‘ఇన్నోవేటర్’, 2023లో ‘ఇన్నోవేటర్ ఫౌండర్’. చివరి మార్పులో 50,000 పౌండ్ల కనీస పెట్టుబడి షరతు తొలగింది.
- చిలీ: 2010లో మొదలైన ‘స్టార్టప్ చిలీ’ వాటా అడగకుండానే దాదాపు 40,000 డాలర్లు, ఏడాది వీసా ఇచ్చింది.
- ఎస్తోనియా: 2014 నుంచి ‘ఈ–రెసిడెన్సీ’. దేశంలో నివసించే హక్కు లేకుండా అక్కడ కంపెనీ నడుపుకొనే వీలు.
- భారత్: 18 నెలల్లో 10 కోట్లు లేదా 36 నెలల్లో 25 కోట్ల రూపాయలు పెట్టి, ఏటా కనీసం 20 మంది భారతీయులకు ఉపాధి చూపే విదేశీ మదుపరులకు దీర్ఘకాలిక నివాస హోదా ఇచ్చే పథకానికి 2016లో ఆమోదం.

ఎవరికి నష్టం, ఎవరికి లాభం

విదేశీ వ్యవస్థాపకుల వల్ల అమెరికాకు ఒనగూరినదేమిటన్న లెక్కలు కొత్తవి కావు. 1995–2005 మధ్య సిలికాన్ వ్యాలీలో పుట్టిన సాంకేతిక సంస్థల్లో 52.4 శాతానికి కనీసం ఒక వలస వ్యవస్థాపకుడు ఉన్నట్టు పరిశోధకుడు వివేక్ వాధ్వా బృందం 2007లో తేల్చగా, 2012 అధ్యయనంలో ఆ వాటా 43.9 శాతానికి తగ్గింది. వంద కోట్ల డాలర్ల విలువ దాటిన 582 అమెరికా అంకుర సంస్థల్లో 319 వలసదారులు స్థాపించిన లేదా వారు సహవ్యవస్థాపకులుగా ఉన్నవేనని, వాటిలో 66 సంస్థల వెనుక భారత్ నుంచి వెళ్లినవారు ఉన్నారని 2022లో అక్కడి ఒక విధాన పరిశోధన సంస్థ లెక్కగట్టింది.

దారి మూసినంత మాత్రాన పని ఆగిపోదు, చోటు మారుతుంది. 2004లో హెచ్1బీ పరిమితి బిగిసిన తర్వాత అమెరికా బహుళజాతి సంస్థలు కెనడా, భారత్, చైనాల్లోని తమ అనుబంధ సంస్థల్లో నియామకాలు పెంచుకున్నాయని వార్టన్ ఆచార్యురాలు బ్రిట్టా గ్లెనన్ పరిశోధనలో నిరూపించారు. అంకుర సంస్థలూ అదే బాట పట్టాయి: కంపెనీ నమోదు అమెరికాలోని డెలవేర్ రాష్ట్రంలో, ఇంజినీర్లు హైదరాబాదులోనో బెంగళూరులోనో, వ్యవస్థాపకుడు వ్యాపార వీసా మీద ఏడాదికి రెండు మూడు సార్లు సముద్రాలు దాటుతూ ఉండే ఏర్పాటు ఇప్పుడు సర్వసాధారణం. 2015లో మొదలై 2022లో రాయదుర్గం భవనానికి విస్తరించిన టీ–హబ్ వంటి కేంద్రాలు ఇటువంటి బృందాలకు కావలసిన చోటును, పరిచయాలను సమకూర్చుతున్నాయి.

అయితే అమెరికా నష్టమంతా దానంతట అదే భారత్ లాభంగా మారదు. తొలిదశ పెట్టుబడుల మీద 2012లో వచ్చిన ‘ఏంజెల్ పన్ను’, అంటే సంస్థ విలువను మించి వచ్చిందని అధికారి భావించిన పెట్టుబడిని ఆదాయంగా లెక్కగట్టి వేసే పన్ను, మినహాయింపులూ సవరణలూ దాటుకుంటూ 2024 బడ్జెట్‌లో రద్దయ్యేదాకా పన్నెండేళ్లు వ్యవస్థాపకులను నోటీసుల చుట్టూ తిప్పింది. తిరిగివచ్చేవారు ఇక్కడి నిబంధనలనూ అదే అనుమానంతో చూస్తారు.

నిలకడే అసలు ఆకర్షణ

పెట్టుబడి పరిమితి రెండున్నర లక్షల డాలర్లు ఉండాలా, మూడు లక్షలు ఉండాలా అన్నది వ్యవస్థాపకుడు తట్టుకోగల ప్రశ్న. ఎంత కఠినమైన షరతైనా ముందే తెలిస్తే దానికి తగ్గట్టు సంస్థను మలచుకుంటాడు. మధ్యలో మారే షరతుకు సిద్ధపడే ఉపాయం మాత్రం ఎవరి దగ్గరా లేదు. దుర్వినియోగాన్ని అరికట్టే అధికారం ప్రభుత్వాలకు ఉండవలసిందే గానీ, ఆ అధికారాన్ని కొత్తగా వచ్చేవారి ప్రవేశం దగ్గర వాడడానికీ, అప్పటికే ఇల్లు మార్చి, పిల్లలను బడిలో చేర్చి, పదిమందికి జీతాలిస్తున్నవారి మీద వాడడానికీ చాలా తేడా ఉంది. వ్యవస్థాపకులను నిజంగా కోరుకునే ఏ దేశమైనా, భారత్‌తో సహా, రాయితీలు పెంచే ముందు చేయవలసిన పని ఒకటుంది: ఒకరు ప్రవేశించిన నాటి నిబంధనలే వారికి చివరిదాకా వర్తిస్తాయని, రాబోయే ప్రభుత్వం కూడా తేలిగ్గా తుడిచివేయలేని విధంగా, చట్టంలోనే రాసిపెట్టడం.